శిఖరాల మధ్య దూరం తగ్గితే ఎలక్ట్రాన్ బదిలీ వేగం పెరిగినట్టేనా? కార్బన్ నానోట్యూబుల పూత వేసిన ఎలక్ట్రోడ్ మీద ఒక కేస్ స్టడీ

సెన్సర్ల తయారీపై పనిచేస్తున్న ఒక పరిశోధన బృందం తమ కొత్త ఎలక్ట్రోడ్ మీద నమోదు చేసిన సైక్లిక్ వోల్టామోగ్రామ్‌లను (పొటెన్షియల్‌ను ముందుకూ వెనక్కూ మారుస్తూ కరెంటును గీసే గ్రాఫులను) పరిశీలించి అభిప్రాయం చెప్పమని నాకు పంపింది. 3 మిల్లీమీటర్ల వ్యాసం గల గ్లాసీ కార్బన్ బిళ్ల మీద, మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము చొప్పున బహుళ గోడల కార్బన్ నానోట్యూబులు కలిపిన ద్రవాన్ని 5 మైక్రోలీటర్ల బొట్టుగా వేసి ఆరబెట్టి తయారుచేసిన ఎలక్ట్రోడ్ అది. 1 మిల్లీమోలార్ పొటాషియం ఫెర్రిసైనైడ్, 0.1 మోలార్ పొటాషియం క్లోరైడ్ ఉన్న ద్రావణంలో సెకనుకు 100 మిల్లీవోల్టుల వేగంతో స్కాన్ చేసినప్పుడు, పూత లేని ఎలక్ట్రోడ్ మీద క్షయకరణ శిఖరానికీ ఆక్సీకరణ శిఖరానికీ మధ్య దూరం 141 మిల్లీవోల్టులు వచ్చింది. పూత వేశాక అది 68కి తగ్గింది. శిఖర కరెంటు 14 మైక్రోఆంపియర్ల నుంచి 29కి పెరిగింది. వీటి ఆధారంగా ఆ బృందం రెండు నిర్ధారణలకు వచ్చింది. ఎలక్ట్రాన్ బదిలీ రేటు స్థిరాంకం పన్నెండు రెట్లు పెరిగిందన్నది మొదటిది, ఎలక్ట్రోడ్ క్రియాశీల వైశాల్యం రెట్టింపు అయిందన్నది రెండవది.

లెక్కల్లో వారు ఎక్కడా తప్పు చేయలేదు. ఏ సూత్రంలో ఏ అంకె వేయాలో ఆ అంకే వేశారు. నేను పరిశీలించవలసింది ఆ సూత్రాలు ఏ షరతుల మీద నిలబడి ఉన్నాయో, ఆ షరతులు ఈ పూత లోపల వర్తిస్తాయో లేదో అన్న విషయం. ఇలాంటి నిర్ధారణలు తరచుగా కనబడుతుంటాయి కాబట్టి పరీక్షలన్నిటినీ, వాటి వెనుక ఉన్న తర్కంతో సహా, వివరంగానే రాస్తున్నాను.

సూత్రాల వెనుక ఉన్న షరతులు

ఎలక్ట్రోడ్ దగ్గర రెండు పనులు ఒకదాని వెంట ఒకటి జరుగుతాయి. ద్రావణం లోపలి నుంచి అయాన్ వ్యాపనం ద్వారా ఉపరితలం దాకా రావాలి. వచ్చాక ఉపరితలానికీ అయాన్‌కూ మధ్య ఎలక్ట్రాన్ చేతులు మారాలి. ఏ క్షణంలోనైనా మనం కొలిచే కరెంటును ఈ రెండింటిలో నెమ్మదిగా సాగేదే నిర్ణయిస్తుంది. స్కాన్ మొదట్లో, పొటెన్షియల్ ఇంకా చాలనప్పుడు, ఎలక్ట్రాన్ బదిలీది పైచేయి. శిఖరం దాటాక ఉపరితలం దగ్గరి అయాన్‌లు ఖర్చయిపోతాయి కాబట్టి వ్యాపనానిది పైచేయి. శిఖరం ఈ రెండూ కలిసే చోటు. అందుకే శిఖరం ఎత్తులోనూ స్థానంలోనూ రెండింటి సమాచారమూ కలగలిసి ఉంటుంది. దాన్ని విడదీయడమే వోల్టామెట్రీలో అసలు పని.

ఎలక్ట్రాన్ బదిలీ ఎంతో వేగంగా ఉన్న సందర్భానికి 1948లో రాండిల్స్, షెవ్‌చిక్ విడివిడిగా ఇచ్చిన సంబంధం ప్రకారం శిఖర కరెంటు వైశాల్యానికి, గాఢతకు, వ్యాపన గుణకం వర్గమూలానికి, స్కాన్ వేగం వర్గమూలానికి అనులోమానుపాతంలో ఉంటుంది. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద, ఒక ఎలక్ట్రాన్ చర్యకు, సెంటీమీటర్లు, మోల్‌లు, వోల్టులు, సెకన్లలో లెక్కిస్తే దాని గుణకం 2.69 × 10⁵. ఫెర్రిసైనైడ్ వ్యాపన గుణకం పొటాషియం క్లోరైడ్ ద్రావణంలో సెకనుకు సుమారు 7.6 × 10⁻⁶ చదరపు సెంటీమీటర్లు. 3 మిల్లీమీటర్ల బిళ్ల వైశాల్యం 0.0707 చదరపు సెంటీమీటర్లు. ఈ విలువలతో సెకనుకు 100 మిల్లీవోల్టుల వద్ద 16.6 మైక్రోఆంపియర్లు రావాలి.

ఎలక్ట్రాన్ బదిలీ అంత వేగంగా లేనప్పుడు శిఖరాలు ఒకదానికొకటి దూరం జరుగుతాయి. ఆ దూరం నుంచి రేటు స్థిరాంకాన్ని రాబట్టే పద్ధతిని 1965లో నికల్సన్ ఇచ్చాడు. ఆయన పట్టికలో శిఖరాల దూరం 141 మిల్లీవోల్టులకు గతిజ పరామితి (ఎలక్ట్రాన్ బదిలీ వేగాన్ని వ్యాపనంతో పోల్చే సంఖ్య) 0.25, 84కు 1, 72కు 2, 68కి 3. ఈ ద్రావణంలో, ఈ స్కాన్ వేగం వద్ద, పరామితి 1 అంటే ప్రామాణిక రేటు స్థిరాంకం సెకనుకు సుమారు 9.6 × 10⁻³ సెంటీమీటర్లు. కనుక 141 మిల్లీవోల్టులు 2.4 × 10⁻³ కింద, 68 మిల్లీవోల్టులు 2.9 × 10⁻² కింద లెక్కకు వస్తాయి. పన్నెండు రెట్లు అన్న మాట ఇక్కడి నుంచి పుట్టింది.

ఈ రెండు సంబంధాలూ ఒకే చిత్రాన్ని ఊహించుకుంటాయి: చదునైన ఎలక్ట్రోడ్, దాని ఎదుట అంతులేని నిశ్చల ద్రావణం, అయాన్‌లు ఆ ద్రావణం నుంచి లంబంగా ఒకే దిశలో రావడం, కొలిచే పొటెన్షియల్‌లో ద్రావణ నిరోధం వల్ల వచ్చే తేడా లేకపోవడం. ట్యూబులు చిక్కుపడి, మధ్యలో ద్రావణం నిండి ఉండే పూతలో మొదటి మూడూ అనుమానాస్పదమే.

పూత లేని ఎలక్ట్రోడ్ ఎంత శుభ్రంగా ఉంది?

పోలిక ఎప్పుడూ రెండు వస్తువుల మధ్య ఉంటుంది. పూత వేసిన ఎలక్ట్రోడ్ మీద అందరి దృష్టీ పడుతుంది గాని, పూత లేనిదాని పరిస్థితి ఏమిటని అడిగేవారు తక్కువ. ఫెర్రిసైనైడ్, ఫెర్రోసైనైడ్ జంట కార్బన్ ఉపరితలం పట్ల చాలా సున్నితమైనది. గాలిలో కొంతసేపు ఉంచినా, మెరుగు పట్టేటప్పుడు వాడిన పదార్థం కొద్దిగా మిగిలినా, దాని ఎలక్ట్రాన్ బదిలీ మందగిస్తుంది. 141 మిల్లీవోల్టుల దూరం చూడగానే ఇది కార్బన్ స్వభావం కన్నా ఉపరితలం మీది మురికిని ఎక్కువగా చెబుతోందేమోనన్న అనుమానం కలిగింది.

తడి గుడ్డ మీద ముందు 0.3 మైక్రాన్ల అల్యూమినాతో, తరువాత 0.05 మైక్రాన్ల అల్యూమినాతో మెరుగు పట్టి, శుద్ధమైన నీటిలో అల్ట్రాసోనిక్ తొట్టెలో ఉంచి, ఆరకముందే ద్రావణంలోకి దించాను. అదే ద్రావణం, అదే స్కాన్ వేగం. దూరం 80 మిల్లీవోల్టులకు పడిపోయింది. పూత ప్రమేయం లేకుండానే, వారు చెప్పిన మెరుగుదలలో అధిక భాగం కేవలం శుభ్రపరచడంతోనే వచ్చేసింది.

అంతకు ముందు వచ్చిన 14 మైక్రోఆంపియర్లు కూడా ఇదే కథ చెబుతున్నాయి. ఎలక్ట్రాన్ బదిలీ మందంగా ఉన్నప్పుడు శిఖరం దూరం జరగడంతో పాటు కురచ కూడా అవుతుంది. అలాంటి శిఖరాన్ని వేగవంతమైన చర్య కోసం ఉద్దేశించిన రాండిల్స్, షెవ్‌చిక్ సంబంధంలో పెడితే వైశాల్యం 0.060 చదరపు సెంటీమీటర్లు అని వస్తుంది. బిళ్ల అసలు వైశాల్యం మాత్రం 0.0707 చదరపు సెంటీమీటర్లు. రెట్టింపు అయిన వైశాల్యానికి ఆధారంగా తీసుకున్న మొదటి సంఖ్యే అలా తక్కువ పడింది.

తరువాత ద్రావణ నిరోధం. 0.1 మోలార్ పొటాషియం క్లోరైడ్ వాహకత సెంటీమీటరుకు సుమారు 0.0129 సీమెన్‌లు. ఈ పరిమాణం గల బిళ్ల ఎదుట దాని నిరోధం సుమారు 130 ఓమ్‌లు. 16 మైక్రోఆంపియర్ల వద్ద ఒక్కొక్క శిఖరాన్ని అది 2 మిల్లీవోల్టులు జరుపుతుంది, అంటే దూరంలో 4 మిల్లీవోల్టుల తేడా. చిన్నదే గాని, స్కాన్ వేగం పెంచితే కరెంటుతో పాటు ఇదీ పెరుగుతుంది, మందమైన ఎలక్ట్రాన్ బదిలీ కూడా సరిగ్గా అలాగే శిఖరాలను దూరం చేస్తుంది. స్కాన్ వేగం ఒక్కటే మారిస్తే ఈ రెండింటినీ వేరు చేయలేము. గాఢత మారిస్తే చేయగలం: రేటు స్థిరాంకం వల్ల వచ్చే దూరం గాఢత మీద ఆధారపడదు, నిరోధం వల్ల వచ్చేది దానితో పాటు పెరుగుతుంది. ఫెర్రిసైనైడ్‌ను 5 మిల్లీమోలార్‌కు పెంచినప్పుడు 80 కాస్తా 95 మిల్లీవోల్టులైంది. పొటాషియం క్లోరైడ్‌ను 1 మోలార్ చేసి ఇదే పరీక్ష జరిపితే 72, 74 వచ్చాయి. అక్కడ నిరోధం 15 ఓమ్‌ల స్థాయికి దిగిపోతుంది కాబట్టి గాఢత ప్రభావం దాదాపు మాయమైంది. ఇకపై కొలతలన్నీ 1 మోలార్ ద్రావణంలోనే చేశాను.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఈ జంటలో ఎలక్ట్రాన్ బదిలీ వేగం ద్రావణంలోని ధనాయాన్ ఏది, ఎంత గాఢతలో ఉంది అన్నదాని మీద కూడా ఆధారపడుతుంది. పొటాషియం అయాన్‌లు పెరిగితే రేటు స్థిరాంకమే పెరుగుతుంది. అందుచేత 80 నుంచి 72కు తగ్గడంలో నిరోధం వాటా సగమే అనుకోవాలి. ఒక ఎలక్ట్రోలైట్‌లో పూత లేనిదాన్ని, మరో ఎలక్ట్రోలైట్‌లో పూత ఉన్నదాన్ని కొలిచి పోల్చడం ఎంతమాత్రమూ చెల్లదు. 72 మిల్లీవోల్టుల నుంచి లెక్కగట్టిన 1.9 × 10⁻² సెంటీమీటర్లు ఈ గ్లాసీ కార్బన్‌కు, 1 మోలార్ పొటాషియం క్లోరైడ్‌లో, నేను ఆమోదించే విలువ.

సున్నా గీత, అసలు గీత

పూత వేసిన ఎలక్ట్రోడ్‌ను ఫెర్రిసైనైడ్ లేని ఉత్త పొటాషియం క్లోరైడ్‌లో స్కాన్ చేస్తే, పైకి 7.5, కిందికి 7.5 మైక్రోఆంపియర్లతో ఒక దీర్ఘచతురస్రం వచ్చింది. అదే వేగంలో పూత లేనిదాని మీద 0.2 మైక్రోఆంపియర్లే. ఎలక్ట్రాన్ బదిలీతో సంబంధం లేని ఈ కరెంటు ట్యూబుల ఉపరితలం మీది విద్యుత్ ద్విపొర (గోడ మీది ఆవేశమూ, దాని ఎదుట చేరే అయాన్‌లూ కలిసి ఏర్పడే పొర) ఆవేశితం కావడం వల్ల వచ్చేది. 7.5ని స్కాన్ వేగంతో భాగిస్తే 75 మైక్రోఫారడ్ల కెపాసిటెన్స్ తేలుతుంది. పూత లేనిదానికి ఇది 2 మైక్రోఫారడ్లు.

ఆ బృందం 29 మైక్రోఆంపియర్లను గ్రాఫు సున్నా గీత నుంచి కొలిచింది. శిఖరానికి ముందున్న భాగాన్ని ముందుకు పొడిగించి దాని మీది నుంచి కొలిస్తే మిగిలేది 21. పూత లేనిదాని మీద 0.2 మైక్రోఆంపియర్ల తేడా ఎవరి కంటికీ ఆనదు కాబట్టి సున్నా నుంచి కొలిచే అలవాటు అక్కడ హాని చేయదు. ముప్పై ఏడు రెట్లు ఎక్కువ కెపాసిటెన్స్ ఉన్న ఉపరితలం దగ్గరికి వచ్చేసరికి అదే అలవాటు ఫలితాన్ని మార్చేస్తుంది.

ఇంకా 21కీ 16.6కీ మధ్య తేడా మిగిలింది. ఈ కేసులో అసలు విషయం ఆ నాలుగు మైక్రోఆంపియర్లలోనే ఉంది.

స్కాన్ వేగం చెప్పిన సంగతి

వారి నివేదికలో శిఖర కరెంటును స్కాన్ వేగం వర్గమూలానికి ఎదురుగా గీసిన గ్రాఫు ఉంది. సహసంబంధ గుణకం 0.99 దాటింది కాబట్టి చర్య వ్యాపన నియంత్రితమని రాశారు. కొద్దిపాటి వంపు ఉన్న గీతకు కూడా 0.99 సులభంగా వస్తుంది. అది నిజంగా సరళరేఖేనని ఆ అంకె హామీ ఇవ్వదు. నేను సెకనుకు 20 మిల్లీవోల్టుల నుంచి 1 వోల్టు వరకు స్కాన్‌లు తీసి, నేపథ్య కరెంటును తీసివేసి, కరెంటు సంవర్గమానాన్ని స్కాన్ వేగం సంవర్గమానానికి ఎదురుగా గీశాను. మెరుగు పట్టిన ఉత్త కార్బన్ మీద వాలు 0.5కు అతి దగ్గరగా ఉంది. పూత మీద 0.62 వచ్చింది.

ద్రావణం నుంచి వ్యాపనంతో వచ్చే అయాన్‌లు వర్గమూల నియమాన్ని పాటిస్తాయి, అంటే వాలు 0.5. ఒక చిన్న పరిమాణంలో బంధించి ఉంచిన ద్రావణంలోని అయాన్‌లు మొత్తం ఖర్చయ్యే సందర్భంలో కరెంటు స్కాన్ వేగానికే అనులోమానుపాతంలో ఉంటుంది, వాలు 1. 0.62 అంటే రెండూ కలిసి పనిచేస్తున్నాయన్నమాట. అవసరమైనప్పుడల్లా బావి నుంచి తోడుకునే నీటికి తోడు ఇంట్లో బిందెలో నిలవ ఉన్న నీటిని కూడా వాడుకున్నట్టు, ఎలక్ట్రోడ్ బయటి ద్రావణంలోని అయాన్‌లతో పాటు ట్యూబుల సందుల్లో ముందే నిండి ఉన్న అయాన్‌లను కూడా వాడుకుంటోంది.

ఈ సందుల్లో ఏం జరుగుతుందో దగ్గరగా చూడాలి. రెండు ట్యూబుల మధ్య ఖాళీ అర మైక్రాను అనుకుందాం. అక్కడి అయాన్ ఏదో ఒక ట్యూబు గోడను తాకడానికి పట్టే కాలం సెకనులో పదివేలవ వంతుకు కాస్త ఎక్కువ. సెకనుకు 100 మిల్లీవోల్టుల స్కాన్‌లో పొటెన్షియల్ 26 మిల్లీవోల్టులు మారడానికి సెకనులో నాలుగో వంతు పడుతుంది. అంటే పొటెన్షియల్ కొద్దిగా కదిలేలోపే సందులోని ప్రతి అయాన్‌కూ గోడను చేరుకునే అవకాశం వెయ్యి సార్లకు పైగా దొరుకుతుంది. వాటికి వ్యాపనం అడ్డే కాదు. అవి పొటెన్షియల్‌ను వెంటనే అనుసరిస్తాయి, వాటి శిఖరాలు రెండు దిశల్లోనూ దాదాపు ఒకేచోట పడతాయి. బయటి ద్రావణంలో మాత్రం ఇదే సమయంలో వ్యాపన పొర సుమారు 14 మైక్రాన్ల మందానికి విస్తరిస్తుంది. ఆ పొర ముందు పూతలోని మైక్రాను స్థాయి ఎగుడుదిగుళ్లు కనబడవు. దానికి ఎలక్ట్రోడ్ ఇప్పటికీ 3 మిల్లీమీటర్ల చదునైన బిళ్లే. పూత వల్ల వైశాల్యం రెట్టింపైందన్న మాట ఈ కారణంగా నిలవదు. ట్యూబుల మొత్తం ఉపరితలం ఎన్నో రెట్లు ఎక్కువన్నది నిజమే, కెపాసిటెన్స్ దాన్నే చూపుతోంది. కాని వ్యాపనాన్ని ఆధారం చేసుకున్న సూత్రంతో ఆ ఉపరితలాన్ని కొలవలేము.

రెండు వాటాలనూ విడదీయడానికి కరెంటును స్కాన్ వేగం వర్గమూలంతో భాగించి, వచ్చినదాన్ని ఆ వర్గమూలానికే ఎదురుగా గీశాను. వ్యాపన వాటా అంతర్ఖండంగా, బంధిత ద్రావణం వాటా వాలుగా బయటపడతాయి. రెండు వాటాల శిఖరాలు సరిగ్గా ఒకే పొటెన్షియల్ దగ్గర పడవు కాబట్టి ఈ పద్ధతి ఉజ్జాయింపే, అయినా ఈ అవసరానికి చాలు. సెకనుకు 1 వోల్టు వేగానికి లెక్కిస్తే అంతర్ఖండం 52 మైక్రోఆంపియర్లు వచ్చింది. చదునైన బిళ్లకు 16.6 మైక్రోఆంపియర్ల నుంచి లెక్కగడితే రావలసిన విలువ కూడా అదే. వాలు, అదే వేగానికి, 42 మైక్రోఆంపియర్లు. పలుచని పొరకు వర్తించే సంబంధం నుంచి ఆ వాలుకు సమానమైన ఘనపరిమాణం 4.5 × 10⁻⁵ ఘన సెంటీమీటర్లు, అంటే బిళ్ల వైశాల్యం మీద సుమారు 6.4 మైక్రాన్ల ఎత్తు గల ద్రావణం. 5 మైక్రోగ్రాముల ట్యూబులు వదులుగా పరుచుకుంటే ఏర్పడే పూతకు ఇది సహజమైన మందమే. 100 మిల్లీవోల్టుల స్కాన్‌లో ఈ బంధిత ద్రావణం ఇచ్చేది 4.2 మైక్రోఆంపియర్లు. మిగిలిపోయిన తేడా ఇక్కడ తీరింది.

57 మిల్లీవోల్టుల హద్దు

స్కాన్ వేగం పరీక్షతో నాకు నమ్మకం కుదిరింది. అయినా ఫెర్రిసైనైడ్ ఉపరితల సున్నితత్వం వల్ల, ట్యూబులు నిజంగానే ఎలక్ట్రాన్ బదిలీని వేగవంతం చేసి ఉండవచ్చన్న వాదనకు చోటు మిగిలే ఉంది. దాన్ని తేల్చడానికి రుథీనియం హెక్సాఅమ్మీన్ క్లోరైడ్ తీసుకున్నాను. ఈ సంక్లిష్టం ఉపరితలంతో బంధం ఏర్పరచుకోకుండానే ఎలక్ట్రాన్ తీసుకుంటుంది, ఉపరితల రసాయనాన్ని దాదాపు పట్టించుకోదు, దాని ఎలక్ట్రాన్ బదిలీ కార్బన్ మీద కూడా చాలా వేగంగా ఉంటుంది. ఈ కొలతకు ముందు ద్రావణంలోకి ఆర్గాన్ పంపి కరిగి ఉన్న ఆక్సిజన్‌ను తొలగించడం తప్పనిసరి. లేకపోతే క్షయకరణం చెందిన రుథీనియం ఆక్సిజన్‌తో చర్య జరిపి తిరుగు శిఖరాన్ని కుదిస్తుంది.

మెరుగు పట్టిన కార్బన్ మీద శిఖరాల దూరం 62 మిల్లీవోల్టులు. ఒక ఎలక్ట్రాన్ చర్యలో, ద్రావణం నుంచి సాధారణ వ్యాపనం జరుగుతున్నంత కాలం, ఈ దూరం 25 డిగ్రీల వద్ద సుమారు 57 మిల్లీవోల్టుల కన్నా తగ్గదు. రేటు స్థిరాంకం అనంతమైనా సరే, శిఖరాలు అంతకన్నా దగ్గరికి రావు. ఎందుకంటే ఆ 57 మిల్లీవోల్టులను నిర్ణయించేది ఎలక్ట్రాన్ బదిలీ కాదు, వ్యాపనం. కాబట్టి ఉత్ప్రేరక ప్రభావం మెరుగు పరచగలిగేది ఇక్కడ ఐదు మిల్లీవోల్టులు మాత్రమే.

పూత మీద దూరం 48 మిల్లీవోల్టులు వచ్చింది. స్కాన్ వేగాన్ని సెకనుకు 1 వోల్టుకు పెంచితే 40కి తగ్గింది.

ఈ రెండు అంకెలతో ప్రశ్న తేలిపోయింది. 57కన్నా తక్కువ రావడాన్ని ఏ రేటు స్థిరాంకమూ వివరించలేదు. స్కాన్ వేగం పెరిగే కొద్దీ దూరం తగ్గడాన్ని అసలే వివరించలేదు, ఎందుకంటే మందమైన ఎలక్ట్రాన్ బదిలీ గాని, ద్రావణ నిరోధం గాని దూరాన్ని పెంచుతాయే తప్ప తగ్గించవు. వేగం పెరిగితే బంధిత ద్రావణం వాటా వేగంతో, వ్యాపనం వాటా దాని వర్గమూలంతో పెరుగుతాయి. మొదటిది క్రమంగా రెండవదాన్ని అందుకుంటూ శిఖరాలను మధ్యకు లాగుతుంది. కొలతలో కనబడింది సరిగ్గా ఇదే.

ఇంకో సందేహం రావచ్చు. నానోట్యూబుల మీద ఆక్సీకృత సమూహాలుంటే అవి ఋణావేశం పొంది, ధనావేశం గల రుథీనియం సంక్లిష్టాన్ని ఆకర్షించి పోగుచేయవచ్చు. అధిశోషణం చెందిన (ఉపరితలానికి అంటుకున్న) అయాన్‌లు కూడా వేగానికి అనులోమానుపాతంలో కరెంటు ఇస్తాయి, దగ్గరి శిఖరాలే ఇస్తాయి. అందుకని ఎలక్ట్రోడ్‌ను రుథీనియం ద్రావణం నుంచి తీసి, నీటితో కడిగి, ఉత్త పొటాషియం క్లోరైడ్‌లో స్కాన్ చేశాను. మొదటి ఆవర్తనంలో చిన్న శిఖరాలు వచ్చాయి, తరువాతి కొద్ది ఆవర్తనాల్లోనే కనుమరుగయ్యాయి. గట్టిగా అధిశోషణం చెందినవైతే అంత తొందరగా పోవు. అంతకన్నా బలమైన సాక్ష్యం మరొకటుంది: ధనావేశ రుథీనియం నుంచి లెక్కగట్టిన బంధిత ఘనపరిమాణం, ఋణావేశ ఫెర్రిసైనైడ్ నుంచి వచ్చినదానితో కొలత దోషం మేరకు సరిపోయింది. ఆవేశాన్ని బట్టి పోగుపడడమే కారణమైతే ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ చూపాలి.

పొటెన్షియల్‌ను ఒక్కసారిగా మార్చి చూస్తే

వోల్టామోగ్రామ్‌లో పొటెన్షియల్, కాలం రెండూ కలిసి మారతాయి. పొటెన్షియల్‌ను ఒకే అడుగులో మార్చి నిలిపేస్తే కాలం ఒక్కటే మిగులుతుంది. అప్పుడు కరెంటు కాలం వర్గమూలానికి విలోమానుపాతంలో తగ్గుతుందని 1903లో కాట్రెల్ చూపాడు. ఈ బిళ్లకు, 1 మిల్లీమోలార్ ఫెర్రిసైనైడ్‌కు, ఒక సెకను వద్ద 10.6 మైక్రోఆంపియర్లు ఉండాలి. అర సెకను దాటాక పూత ఉన్నా లేకున్నా రెండు ఎలక్ట్రోడ్లూ ఆ విలువ మీదికే చేరాయి. బంధిత ద్రావణం, ద్విపొర ఆవేశం ఆపాటికే అయిపోయి ఉంటాయి, ఇక మిగిలేది బయటి నుంచి వచ్చే వ్యాపనమే. వ్యాపనం దృష్టిలో రెండు ఎలక్ట్రోడ్ల వైశాల్యం ఒకటేనని ఇంతకన్నా సూటిగా చూపే కొలత నాకు తెలియదు.

ఆవేశాన్ని కాలం వర్గమూలానికి ఎదురుగా గీస్తే, వ్యాపనం వాలులో, తక్షణం ఖర్చయ్యేవన్నీ అంతర్ఖండంలో చేరతాయి. 0.4 వోల్టుల అడుగుకు పూత మీద అంతర్ఖండం 34 మైక్రోకూలంబులు. ఉత్త పొటాషియం క్లోరైడ్‌లో అదే అడుగుకు 30. తేడాగా మిగిలిన నాలుగు మైక్రోకూలంబులను ఫారడే స్థిరాంకంతో, గాఢతతో భాగిస్తే ఘనపరిమాణం సుమారు 4 × 10⁻⁵ ఘన సెంటీమీటర్లు. పెద్ద సంఖ్య నుంచి పెద్ద సంఖ్యను తీసివేసి రాబట్టిన విలువ కాబట్టి దీని మీద నేను ఎక్కువ భారం వేయను. అయినా పూర్తిగా వేరే పద్ధతిలో, వేరే కాలమానంలో, స్కాన్ వేగం పరీక్ష ఇచ్చిన ఘనపరిమాణానికి ఇంత దగ్గరగా రావడం చిన్న విషయం కాదు.

ఆ బృందానికి ఇచ్చిన నివేదిక

పూత లేని గ్లాసీ కార్బన్ మీద ఫెర్రిసైనైడ్ రేటు స్థిరాంకాన్ని 1.9 × 10⁻² సెంటీమీటర్లుగా, ఎలక్ట్రోలైట్ వివరంతో సహా నమోదు చేయమన్నాను. పూత వేసినదానికి నికల్సన్ పద్ధతిలో ఏ విలువా ఇవ్వవద్దని రాశాను. ట్యూబుల గోడల మీద ఎలక్ట్రాన్ బదిలీ గ్లాసీ కార్బన్ మీద కన్నా వేగవంతమో, మందమో, సమానమో ఈ కొలతల నుంచి తేలదు. సందుల్లోని ద్రావణానికి ఎంతో పెద్ద లోపలి ఉపరితలం అందుబాటులో ఉంది కాబట్టి, ప్రతి చదరపు సెంటీమీటరు మీద వేగం మామూలుగానే ఉన్నా, అక్కడి శిఖరాలు దగ్గరగానే ఉంటాయి. ట్యూబు స్వభావాన్ని విడిగా తెలుసుకోవాలంటే విడి ట్యూబు మీదనో, ఒక్క పొరగా పలుచగా పరిచిన ట్యూబుల మీదనో కొలవాలి, లేదా పూత లోపలి వ్యాపనాన్ని కూడా చేర్చి గణన చేయాలి.

సెన్సర్‌గా ఈ పూత విలువ గురించి కూడా వారు అడిగారు. 100 మిల్లీవోల్టుల వేగంలో అది సంకేతానికి కలిపింది సుమారు 4 మైక్రోఆంపియర్లు, నేపథ్యానికి కలిపింది 7 మైక్రోఆంపియర్లకు పైన. తక్కువ గాఢతల వద్ద సంకేతం గాఢతతో పాటు తగ్గుతుంది, నేపథ్యం అలాగే నిలుస్తుంది. 10 మైక్రోమోలార్ వద్ద బంధిత ద్రావణం ఇచ్చేది 0.04 మైక్రోఆంపియర్లే, నేపథ్యం మాత్రం అదే 7.5. అందుచేత ఈ ఎలక్ట్రోడ్‌తో సైక్లిక్ స్కాన్ ద్వారా గుర్తింపు పరిమితిని తగ్గించాలన్న ప్రయత్నం మానుకుని, ప్రతి అడుగులోనూ ద్విపొర ఆవేశం తగ్గిపోయాక కరెంటును కొలిచే స్క్వేర్ వేవ్ వోల్టామెట్రీకి మారమని సూచించాను. అక్కడ కూడా 75 మైక్రోఫారడ్ల కెపాసిటెన్స్, 0.1 మోలార్ ద్రావణంలోని 130 ఓమ్‌లు కలిస్తే కాలస్థిరాంకం (ద్విపొర ఆవేశితం కావడానికి పట్టే కాలానికి కొలమానం) 10 మిల్లీసెకన్లు అవుతుంది. అందుకే 1 మోలార్ ఎలక్ట్రోలైట్‌నే వాడమని, కాలస్థిరాంకం దాదాపు 1 మిల్లీసెకనుకు దిగుతుంది కాబట్టి ప్రతి అడుగులోనూ కనీసం 5 మిల్లీసెకన్లు ఆగి కరెంటును నమోదు చేయమని, ట్యూబుల బొట్టును 5 మైక్రోలీటర్ల నుంచి 1కి తగ్గించి ఇవే కొలతలను మళ్లీ చేయమని రాశాను. పూత పలుచనయ్యే కొద్దీ బంధిత ఘనపరిమాణం, కెపాసిటెన్స్ రెండూ అదే నిష్పత్తిలో తగ్గి, రుథీనియం శిఖరాల దూరం 57 వైపు తిరిగి పెరిగితే, ఇక్కడ రాసిన వివరణకు అది మరో స్వతంత్ర పరీక్ష అవుతుంది.